రెండు గంటల యాభై నిమిషాలు

ముందు వాసన వస్తుంది. మనిషి తర్వాత వస్తుంది.

తరిగిన స్క్విడ్ వాసన. సముద్రపు పురుగుల వాసన. ఉప్పు తాగిన సిమెంటు వాసన, బ్లీచింగు వాసన... అన్నీ కలిసి మగ్దలీనమ్మ వేళ్ళలో కాపురం పెట్టి పదమూడేళ్ళయింది. సబ్బుతో రుద్దింది. చింతపండుతో రుద్దింది. నిమ్మచెక్క పెట్టి గోళ్ళ సందుల్లో మంట పుట్టేదాకా రుద్దింది. పోలేదు. అందుకే అన్నం చెంచాతో తింటుంది. మగ్దలీనమ్మకి ఈ వయసులో దొరసాని అలవాట్లు పట్టుకున్నాయని చర్చి దగ్గర ఆడవాళ్ళు నవ్వుకుంటారు.

నవ్వుకోనీ.

వాళ్ళెవరూ ఆ చేతుల్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూడలేదు.

అల్లూరు దాటి తూర్పుగా వస్తే రొయ్యల గుంటలు. గుంటలు దాటితే ఇసుక. ఇసుకలో సరుగుడు తోపు. తోపు వెనక నీలం రేకుల షెడ్లు — హేచరీ. ఇక్కడ రొయ్య పిల్లల్ని పుట్టిస్తారు. పుట్టిస్తారు అనే అనాలి. పుడతాయి అనడానికి లేదు.

చివరి షెడ్డుకి కిటికీలు లేవు. చుట్టూ నల్ల పరదాలు. లోపల ఒక్కటే ఎర్ర బల్బు. పట్టపగలు కూడా అక్కడ చీకటే. ఆ చీకట్లో, గుండ్రటి నల్ల తొట్లలో, తల్లులుంటాయి.

తల్లి రొయ్యలు. హేచరీలో అందరూ తల్లులనే అంటారు. తల్లులకి మేత పడిందా? తల్లులు ఎన్ని చచ్చాయి? చచ్చిన తల్లుల్ని గోతిలో వేసి సున్నం చల్లారా?... ఆ మాట అనేటప్పుడు ఎవరి నాలుకా తడబడదు.

మగ్దలీనమ్మ పని ఆ తల్లుల కన్ను తీయడం.

ఒక్కో తల్లికి ఒక్కో కన్ను.

రొయ్య కన్ను మనకున్నట్టు గుంటలో ఉండదు. చిన్న కాడ చివర ఉంటుంది. ఆ కాడలో ఏదో గ్రంథి ఉందట. ‘ఇప్పుడు కాదు’ అని తల్లికి చెప్పే గ్రంథి. నీళ్ళు బాగాలేవు — ఇప్పుడు కాదు. చోటు కొత్తది — ఇప్పుడు కాదు. ఒంట్లో సత్తువ లేదు — ఇప్పుడు కాదు. ఆ కాడని కాల్చిన పటకారుతో నొక్కేస్తే ఇంక కాదనే దిక్కు లేదు. నాలుగైదు రోజులకి గుడ్లు. మళ్ళీ కొద్ది రోజులకి గుడ్లు. మళ్ళీ. ఒళ్ళు గుల్లయ్యేదాకా.

ఈ సంగతి టెక్నీషియన్ రవి కుమార్ ఒకసారి టీ తాగుతూ చెప్పాడు. చెప్పి, గ్లాసు కడిగి, తన పనికి తను పోయాడు. మగ్దలీనమ్మ ఆ పూట టీ తాగలేదు.

తడిబట్టలో తల్లిని ఎడమచేత్తో పట్టుకోవాలి. బొటనవేలు వీపు మీద, మిగతా నాలుగు వేళ్ళు కడుపు కింద. కుడిచేత్తో పటకారు. ఒక్క నొక్కు. చిన్న చప్పుడు, కమురు వాసన. తల్లి ఒక్కసారి తోక కొడుతుంది, అంతే. ఆమె చేతిలో చచ్చినవి తక్కువ. మగ్దలీనమ్మది మంచి హస్తవాసి అని ఓనరు నరేంద్రబాబు పదిమందిలో మెచ్చుకుంటాడు. డాక్టరు గురించి చెప్పాల్సిన మాట. కన్ను కాల్చేదానికి హస్తవాసేమిటి, రోత కాకపోతే!

నొప్పి ఉండదు వాటికి, అంటుంది మగ్దలీనమ్మ. అడిగినవాళ్ళకీ చెబుతుంది. అడగనివాళ్ళకీ చెబుతుంది.

ఈ తల్లులు ఇక్కడివి కావు.

సముద్రం వంద అడుగుల్లో ఉంది. పొద్దస్తమానం ఘోషిస్తూనే ఉంది. అందులో రొయ్యలూ ఉన్నాయి. కానీ వాటికి జబ్బులట, పనికిరావట. అందుకని భూమికి అవతలి పక్కన హవాయి అనే దీవి నుంచి, ఇంకో సముద్రం ఒడ్డు నుంచి, విమానంలో తెచ్చి ఈ సముద్రం ఒడ్డున తొట్టిలో పోస్తారు. మనిషి తెలివి ఇలా ఉంటుంది.

దూరాల లెక్కలన్నీ జయకుమార్‌వి.

జయకుమార్ ఆమె అల్లుడు. హేచరీ బండి తోలతాడు. మద్రాసు ఎయిర్‌పోర్టుకి పోయి తల్లుల పెట్టెలు తెచ్చేది అతనే. జన్మలో విమానం ఎక్కింది లేదు గానీ, విమానాల సంగతి అతని నోటే వినాలి. హవాయి నుంచి మద్రాసు పన్నెండు వేల ఆరొందల కిలోమీటర్లు. రెండు విమానాలు మారి నలభై గంటలు. మద్రాసులో ఐదు రోజులు క్వారంటైన్. అక్కడి నుంచి ఇక్కడికి రోడ్డున నాలుగున్నర గంటలు... చర్చి ఎంత దూరమని అడిగితే ఎనిమిది నిమిషాలంటాడు. పెళ్ళిచూపులకి వచ్చిన రోజు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, “చిల్లకూరు నుంచి గంటా నలభై నిమిషాల్లో వచ్చేసినా” అన్నాడు. కుర్రాడు చురుకైనవాడు అనుకుంది మగ్దలీనమ్మ. ఉన్న ఒక్క పిల్లనీ ఇచ్చింది.

నలభై గంటలు...

ప్లాస్టిక్ సంచిలో, చల్లబరిచిన నీళ్ళలో, థర్మాకోల్ పెట్టెలో. నెత్తిన ఉండే ముల్లు సంచిని చించకుండా దానికో రబ్బరు తొడుగు. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి. దిగిన తల్లులకి చాలా రోజులదాకా పొద్దు తెలియదు. తొట్టి గోడని మీసాలతో తడుముకుంటూ గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. వాటికింకా ప్రయాణం అయిపోలేదు. వారంపాటు వాటి జోలికి పోకూడదని రవి కుమార్ చదివిన పుస్తకాల్లో ఉంది. మొన్నటి పెట్టెలకి మూడో రోజే కన్ను తీయించాడు నరేంద్రబాబు. రొయ్య పిల్లల కోసం రైతులు గేటు దగ్గర నిలబడి ఉన్నారు మరి.

మగ్దలీనమ్మ తీసింది. సగానికి సగం చచ్చాయి.

దూరం కదా, ప్రయాణంలో దెబ్బతిన్నాయి — అని రాసుకున్నారు. చేసింది మనుషులు. మాట పడింది దూరం.

ఇక ఆ మంగళవారం సంగతి.

మేతగదిలో ఫ్రిజ్ ఉంది. తల్లుల మేతకి తరిగే స్క్విడ్, సముద్రపు పురుగుల డబ్బాలు అందులోనే. తాళంచెవి మగ్దలీనమ్మ బొడ్లో ఉంటుంది. పది రోజుల కిందట మద్రాసు నుంచి వస్తూ జయకుమార్ ఒక తెల్ల కవరు చేతికిచ్చాడు. “చల్లగా ఉండాలంట అత్తా, లోపల పెట్టు” అన్నాడు. పెట్టింది. తల్లుల పెట్టెలతో పాటు మందులు రావడం మామూలే. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఐసు పెట్టాలని తాళంచెవి అడిగి తీసుకునేవాడు. ఇచ్చింది. అల్లుడు అడిగితే ఎందుకని అడిగే అత్తలు ఈ పక్క తక్కువ.

నాలుగో తొట్టిలో తల్లులు మొండికేశాయి. కన్ను తీసి వారం దాటినా గుడ్డు పెట్టలేదు. నరేంద్రబాబు ఫోను మీద ఫోను. హేచరీలో ఒక పద్ధతి ఉంది — కొత్త మందు ఏదొచ్చినా మొదట మొండి తొట్టికే పోయాలి. మగ్దలీనమ్మకి తెల్ల కవరు గుర్తొచ్చింది. తీసి చూసింది. గులాబీ రంగు అట్టపెట్టె. అందులో మందు నింపిన సన్నటి సూది. తల్లుల మందే, సందేహమేముంది. గిన్నెలో స్క్విడ్ ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. సూది మూత పీకింది. ముక్కల మీదికి వంచింది.

“అక్కా... ఆగాగు! ఏందది?”

రవి కుమార్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“గుడ్లు పెట్టేదానికి మందు గదా సార్. మా అల్లుడు తెచ్చినాడు.”

అతను అట్టపెట్టె తిప్పి చదివాడు. మళ్ళీ చదివాడు. ఫోనులో వెతికి మూడోసారి చదివాడు. అతని ముఖంలో రంగు మారింది.

“గుడ్ల మందే అక్కా. కానీ రొయ్యలకి కాదు... ఆడోళ్ళకి.”

చెప్పడానికి అతనికి సిగ్గుగా ఉంది. వినడానికి ఆమెకి ఇంకా అర్థం కాలేదు. పిల్లలు లేనివాళ్ళ కోసం ఇంకొక ఆడమనిషి దగ్గర గుడ్లు తీసుకుంటారనీ, చట్టప్రకారం చేసేవాళ్ళున్నారు, దొంగచాటుగా చేసేవాళ్ళున్నారనీ చెప్పాడు. నెలకి ఒకటి రావాల్సిన చోట ఈ సూదులు వేస్తే ఇరవై, ముప్పై. ఇది ఆఖరి సూది. ఇది వేసిన ముప్పై ఆరు గంటలకి తీసెయ్యాలి. ముందు వేసిన సూదులకే కడుపు మరీ ఉబ్బి ఉంటే ఇది వేయకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. అలాంటప్పుడు సూది పక్కన పారేసి ఆస్పత్రికి పోవాలి.

కవరు అడుగున ఒక చీటీ ఉంది.

చీటీ మీద పేరు లేదు. పేరెందుకు? ఆ రాత చాలు. భూమ్మీద ప్రతిదాన్నీ గంటల్లో రాసే మనిషి ఆమెకి తెలిసి ఒక్కడే.

‘మంగళ సా. 6 — సూది. బుధ ఉ. 10.10 మద్రాసు. మ. 1.00 ఢిల్లీ. 1760 కి.మీ. ఫ్లైట్ 2.50. గురు ఉ. 6 — తీసేది. మొత్తం 36.’

తీసేది.

ఆ ఒక్క మాట దగ్గర మగ్దలీనమ్మ కళ్ళు ఆగిపోయాయి. కూతురు ఫేబీ రెండు ఆదివారాల నుంచి చర్చికి రాలేదు. కడుపుబ్బరం, గ్యాసమ్మా అంది. అరుగు ఎక్కుతూ గోడ పట్టుకుంది. వేడి నీళ్ళు తాగు అని తనే చెప్పింది... తన చేత్తోనే ఆ కవరు ఫ్రిజ్‌లో పెట్టింది. రోజూ తన చేత్తోనే తాళంచెవి ఇచ్చింది. కన్నకూతురికి వేసే సూదుల్ని పురుగుల డబ్బాల పక్కన చల్లగా కాపాడింది.

షెడ్డు వెనక్కి పోయి కక్కుకుంది. జ్వరమూ కాదు, పైత్యమూ కాదు.

రోత.

హేచరీ నుంచి కాలనీకి ఇరవై రెండు నిమిషాలు. అదీ అల్లుడి లెక్కే. పట్టపగలు ఎండలో, చెప్పులు మరిచిపోయి నడిచింది. గుంటల్లో గాలి పట్టించే చక్రాలు నీళ్ళని చిలుకుతున్నాయి. ఆ చప్పుడు ఆమె వెంటే వచ్చింది.

ఫేబీ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నైటీ మీద చున్నీ కప్పుకుంది. కింద కొత్త సూట్‌కేసు, కొత్త చెప్పులు. మూడేళ్ళ వినీల ఆ చెప్పుల్లో పాదాలు దూర్చి ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరుగుతోంది. మగ్దలీనమ్మ చీటీ తీసి మంచం మీద పెట్టింది.

ఫేబీ చీటీ చూసింది. అమ్మ పాదాలు చూసింది.

“తెలిసిపోయిందా” అంది. అంతే.

ఏడుస్తుందనుకుంది తల్లి. ఏడవలేదు. అది ఇంకా అసహ్యంగా తోచింది. ఫేబీ మెల్లగా, మధ్య మధ్య ఊపిరి తీసుకుంటూ, అంతా చెప్పింది. ఆయన సొంత బండి కొనుక్కుంటాడట. ఎయిర్‌పోర్టు దగ్గర పరిచయమైన ఒకామె అన్నీ చూసుకుంటుందట. మత్తిస్తారట. పొద్దున తీసి సాయంత్రానికి పంపించేస్తారట. రైల్లో అయితే ముప్పై గంటలు, విమానంలో రెండు గంటల యాభై నిమిషాలే కదా! గూడూరులో రైలెక్కినవాళ్ళు బెజవాడ చేరేలోపల తను ఢిల్లీలో ఉంటుంది.

“ఆడ నా పేరు రేవతి అంటమ్మా. ఆ పేరుతో కార్డు గూడా చేసినారు.”

నవ్వింది. నిజంగా నవ్వింది. కిటికీ పక్క సీటు అడగమని ఆయనకి చెప్పిందట. మబ్బులు పైనుంచి ఎలా ఉంటాయో చూడాలని చిన్నప్పటి నుంచీ ఉందట. మందులతో ఉబ్బిపోయిన ముఖంలో ఆ నవ్వు చూడలేక మగ్దలీనమ్మ గోడకేసి తిరిగింది.

“ఒద్దే” అంది గోడతో. “అమ్ముకునే సరుకా అది?”

“నువ్వు చెప్పబాకమ్మా.” ఫేబీ గొంతు అప్పుడు మారింది. “కండ్లు కాల్చి నన్ను పెంచినావు. ఆ గుడ్లు ఎవురివి? నొప్పి ఉండదని నువ్వే గదా ఊరంతా చెప్పింది. నాకూ ఉండదులే.”

వినీల చెప్పులు వదిలేసి అమ్మమ్మ ముఖంలోకి చూసింది.

మగ్దలీనమ్మ తిరిగి వచ్చేసింది. ఎవరితో చెప్పుకుంటుంది? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పాస్టరు గారితో చెబితే కాలనీకి తెలుస్తుంది. కాలనీకి తెలిస్తే కూతురి ముఖం మీద ఉమ్మేసేవాళ్ళు బయల్దేరతారు, అల్లుడి ముఖం మీద ఒక్కరూ ఉమ్మరు. ఆమెకి ఆ లెక్క మాత్రం బాగా తెలుసు.

సూది ఆమె దగ్గరే ఉంది. తోపులో విసిరెయ్యొచ్చు. బావిలో వెయ్యొచ్చు. గుంట తీసి పాతెయ్యొచ్చు.

తీసుకెళ్ళి మళ్ళీ ఫ్రిజ్‌లోనే పెట్టింది.

ఫేబీ అన్న మాట చెవిలోంచి పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పారేస్తుంది? నొప్పి ఉండదని పాట పాడిన నోరు ఏదమ్మా? ఆ నోటితో ఇప్పుడు కూతురికి నీతులు చెప్పడమా? మధ్యాహ్నమంతా మేతగదిలో స్క్విడ్ తరిగింది. తరుగుతున్నది ఏమిటో, చేతికి ఎక్కడ తెగిందో కూడా చూసుకోలేదు.

సాయంత్రం ఐదున్నరకి బండి వచ్చింది.

జయకుమార్ దిగాడు. రెండోవైపు నుంచి ఫేబీ దిగింది. దిగడానికి రెండు చేతులా తలుపు పట్టుకుంది. వినీలని పక్కింట్లో వదిలి వచ్చారు. రవి కుమార్ అప్పటికే నెల్లూరు వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళూ సూదులు వేసిన ఆరెంపీ డాక్టరు కూడా పెళ్ళికని ఆ నెల్లూరే పోయాడట. అల్లుడి ముఖంలో దాపరికం లేదు, బెరుకు లేదు. తెగించినవాడికి తెడ్డే లింగం.

“తెలిసింది గదా అత్తా, ఇంక దాచేదేముండాది. నువ్వే ఎయ్యి. నీ చేత్తో ఏస్తే దానికి నొప్పి తెలీదు.”

ఆ మాట విని కూడా ఆమె బతికే ఉంది.

జయకుమార్ ఫోను పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాడు. ఆరు కావడానికి పద్దెనిమిది నిమిషాలన్నాడు. పదమూడన్నాడు. ఫేబీ మేత బస్తాల మీద వెల్లకిలా పడుకుంది. పడుకుంటే ఊపిరి ఆడలేదు, మళ్ళీ మోచేతుల మీద లేచింది. నైటీ పైకి జరిపింది.

కడుపు.

బిగుసుకుపోయి ఉంది. చర్మం మెరుస్తోంది. రవి కుమార్ వేయకూడదన్న ఉబ్బు ఇదే. బొడ్డు చుట్టూ సూదులు గుచ్చిన చోట్ల నీలి మచ్చలు, పచ్చి మచ్చలు. వినీల కడుపులో ఉన్నప్పుడు ఏడో నెలలో ఇంత కడుపు లేదు. ఆ కడుపులో బిడ్డ ఉంది. ఈ కడుపులో ఎవరిదో బేరం ఉంది. పొద్దున్నుంచి ఒంటికి పోలేదమ్మా, దాహం, తాగితే కక్కొస్తా ఉండాది, అంది ఫేబీ. మామూలుగా చెప్పింది. బయట ఉన్నవాడికి వినిపించింది. వినిపించనట్టు ఫోను చూసుకున్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

“ఏడు నిమిషాలు” అన్నాడు.

మగ్దలీనమ్మ కుడిచేతిలో సూది ఉంది. ఎడమచెయ్యి దానంతటదే ముందుకి పోయింది. దానంతటదే ఫేబీ నడుము పట్టుకుంది. బొటనవేలు పైన. మిగతా నాలుగు వేళ్ళు కింద.

ఆమె ఆ చేతిని చూసింది.

పదమూడేళ్ళుగా తల్లుల్ని పట్టుకున్న పట్టు అది. ఎంత గట్టిగా పట్టాలో దానికి తెలుసు, ఎప్పుడు వదలాలో తెలుసు. కన్నబిడ్డ ఒళ్ళని కూడా ఆ చెయ్యి అలాగే పట్టుకుంది. ఛీ... ఛీ, ఇదేం చెయ్యి! పాపిష్టి చెయ్యి. ఫేబీ ఒక్కసారి ఉలిక్కిపడి కాళ్ళు ముడుచుకుంది. ముడుచుకుని, మళ్ళీ కదలకుండా ఉండిపోయింది.

“నొప్పి ఉంటాదే” అంది మగ్దలీనమ్మ.

“ఏంది మా?”

“వాటికి. నొప్పి ఉంటాది. నాకు మొదటి రోజే తెలుసు. అవి అరవలేవు, అంతే. అబద్ధం చెప్తా వచ్చినా నీకూ, అందరికీ.”

సూది నేల వైపు తిప్పింది. నొక్కింది.

చిన్న చుక్కలు. సిమెంటు మీద అరచెంచాడు నీళ్ళు. అందులో ఏ రంగూ లేదు, ఏ వాసనా లేదు. ఈ అరచెంచా కోసం ఒక మనిషికి ఇంకో పేరు పెట్టారు, కార్డు చేశారు, పదిహేడొందల అరవై కిలోమీటర్ల దూరం కొలిచారు. తడి అప్పుడే కాలవలోకి జారిపోయింది.

జయకుమార్ లోపలికి వచ్చాడు. చూశాడు. అన్న మాటలు ఇక్కడ రాయడం అనవసరం. అత్తని అనకూడని మాటలు, ఆడదాన్ని అనకూడని మాటలు. మగ్దలీనమ్మకి అవేవీ తగల్లేదు. కేకలు వేస్తూనే అతను లెక్క కట్టాడు — అది అతని పుట్టుకలో ఉంది. ఇప్పుడు ఆరు. మద్రాసుకి నాలుగున్నర గంటలు. పదిన్నరకి అక్కడ ఇంకో సూది. పదిన్నర నుంచి ముప్పై ఆరంటే గురువారం పదిన్నర. నాలుగున్నర గంటలు ఆలస్యం, అంతే కదా. ఏం కొంప మునగలేదు.

“ఎక్కు” అన్నాడు ఫేబీతో. “సూట్‌కేసు బండిలోనే ఉండాది.”

లెక్క సరిపోయింది. అతని లెక్కలెప్పుడూ సరిపోతాయి.

ఫేబీ లేచింది. బస్తాలు పట్టుకుని, గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని నడిచింది. మగ్దలీనమ్మ సాయానికి చెయ్యి చాపి, మళ్ళీ తనే వెనక్కి తీసుకుంది. బయట వెలుతురు తగ్గిపోయింది. సరుగుడు తోపులో గాలి ఆగకుండా వీస్తోంది. బండి దగ్గర ఫేబీ నిలబడిపోయింది.

“మద్రాసుకి ఎంతసేపు?” అంది.

“నాలుగున్నర. తొక్కితే నాలుగుంబావు.”

“ఢిల్లీకి?”

“చెప్పినా గదే... రెండు గంటల యాభై.”

“అల్లూరు ఆస్పత్రికి?”

జయకుమార్ ఫోనులో టైము చూశాడు.

హవాయి ఎంత దూరమో తెలుసు. గాలిలో ఎంతో తెలుసు, నేల మీద ఎంతో తెలుసు. అల్లూరు ఆస్పత్రి ముందు నుంచి వారానికి రెండుసార్లు బండి తోలుకుపోతాడు. అక్కడికి ఎన్ని నిమిషాలో అతను ఎప్పుడూ చూసుకోలేదు.

“నాకు ఊపిరి ఆడడంలా” అంది ఫేబీ. అతనితో అన్నదో, అమ్మతో అన్నదో, గాలితో అన్నదో. ఆగమని అనలేదు. పోనిమ్మని కూడా అనలేదు. రేవతి కార్డు ఆమె చేతిసంచిలో ఉంది, ఆ సంచి ఆమె భుజానే ఉంది.

మగ్దలీనమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. తలుపు తీసి ముందు తను ఎక్కింది. మధ్యలోకి జరిగింది. మోకాళ్ళకి గేరురాడ్డు తగులుతున్నా జరిగింది. తర్వాత కూతుర్ని పైకి లాక్కుని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. దిగమని అల్లుడు అరిచాడు. ఆమె దిగలేదు. అతనికి దింపే టైము లేదు. ఆరూ పన్నెండు అయింది.

బండి కదిలింది.

ఆ తీరం నుంచి బయటికి ఒకటే రోడ్డు. గుంటల మధ్యగా పోయి అల్లూరులో తేలుతుంది. అల్లూరు దాటాకే హైవే, నెల్లూరు, గూడూరు, మద్రాసు, విమానం, మబ్బులు... ఎక్కడికి పోవాలన్నా ముందు ఆ ఆస్పత్రి గేటు దాటాలి. ఫేబీ తల అమ్మ భుజం మీదికి వాలింది. చిన్న చిన్న ఊపిరులు. ఒకటి తీసి, ఆగి, ఇంకొకటి. జయకుమార్ గంటకి ఎన్ని కిలోమీటర్లలో పోతున్నాడో ఎవరికీ చెప్పలేదు.

“ఆస్పత్రి కాడ ఆపు” అంది మగ్దలీనమ్మ.

అతను ఇంకా తొక్కాడు.

వరిచేల అవతల అల్లూరు దీపాలు కనిపించాయి. ముందు నాలుగు. తర్వాత వీధి మొత్తం. మగ్దలీనమ్మ తన కుడిచెయ్యి కిందికి దించింది. సీట్ల మధ్య చేతిబ్రేకు ఉంది. పట్టుకుంది. అయిదు వేళ్ళూ బిగించింది.

“చెయ్యి తియ్యత్తా” అన్నాడు జయకుమార్.

తీయలేదు.